మంత్రిగారి సహజమైన గోళ్ళు

మంత్రి అలివేలమ్మగారి గోళ్ళు సహజమైనవేనని ఆమె పేషీ పత్రికలకు ప్రకటన ఇచ్చింది. లేత గులాబీ గోరు, చివర పాలమీగడలాంటి తెల్లని అంచు. ఆ అంచు ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండడం నియమబద్ధమైన జీవితానికి నిదర్శనమని అందులో ఉంది. నేను చిత్తూరు విలేకరిని. ఉన్నదున్నట్టు పంపాను. ప్రతిపక్షం వాళ్ళు మాత్రం మద్రాసులో చేయించినవన్నారు, ప్లాస్టిక్ అన్నారు. ఇంకొకరి గోళ్ళ గురించి అంత లోతుగా ఆలోచించేవాళ్ళ మనసులో ఏ వెలితి ఉంటుందో నాకు బోధపడలేదు.

గోళ్ళను కాపాడడం పాలనలో భాగమైంది. ఆమె కారు తలుపు తీయరు, ఫైలు తాడు విప్పరు. పిడికిలి బిగించరు కనుక సభలో శాంతమూర్తి అని పేరొచ్చింది. పి.ఏ. ప్రేమానందం జేబులో ఎప్పుడూ చిన్న జిగురు ట్యూబు ఉండేది. దాన్ని మందు అనేవాడు.

ఆ వేసవిలో పాకాల అవతల బండకిందపల్లెలో మంచినీళ్ళ తొట్టి ప్రారంభించారు. బోరు ఇంకా వేయలేదు. ప్రారంభం వాయిదా పడితే ప్రజలు నిరాశపడతారని తొట్టిని లారీ నీళ్ళతో నింపారు. ఊరి బావి ఎండిపోయి చాలా కాలమైంది. బిందెల వరుసలో ముందు మునిలక్ష్మి నిలబడింది. ఆమె కోడలు ప్రసవించింది. తల్లికీ బిడ్డకూ పురిటి స్నానం చేయించాలి. నీళ్ళు లేక ఇప్పటికే వాయిదా వేసుకుంటూ వచ్చారట.

గంగమ్మకని మంత్రిగారు దోసెడు పూలు తొట్టిలో వదిలారు. పూలతోపాటు ఒక గోరూ వెళ్ళింది. బంతిపూల మధ్య తెల్లని అంచుతో తేలుతూ అందంగానే ఉంది.

వరుస కదలలేదు. గోరు పడిన నీళ్ళు ఏ ఇంటికైనా అరిష్టమని, వాటితో పురిటి స్నానం చేయిస్తే బిడ్డకు కీడని ఆ ఊరి నమ్మకం.

మునిలక్ష్మి బిందె దించి ముందుకొచ్చింది. "అమ్మా, అది ఉత్త పిలాస్టిక్కని మా ఊరోళ్ళు అంటాండారు. పిలాస్టిక్కయితే దోసం ల్యా, తీసి పారేసి ముంచుకుంటాము. గోరైతే ఈ నీళ్ళు పనికిరావు. ఒక్క మాట సెప్పు తల్లీ."

ప్రేమానందం మంత్రిగారి వైపు చూశాడు. మంత్రిగారు నా కలం వైపు చూశారు. ఒకవైపు తొట్టెడు నీళ్ళు, ఒకవైపు పేషీ ప్రకటన. మనిషి లోపలి పోరాటాన్ని అంత దగ్గరగా చూసే అవకాశం విలేకరికి అరుదుగా వస్తుంది. ఆమె చేతిని మెల్లగా కొంగు చాటుకు తీసుకున్నారు.

"గోరే," అన్నారు. "నా ఒంట్లోదే."

ప్రేమానందం చప్పట్లు మొదలుపెట్టాడు.

"అయితే ఇంకేముండాది, బిరడా పీకండప్పా," అన్నాడు ఊరిపెద్ద చిన్నబ్బ.

పీకారు. నీళ్ళు ఎండు కాలువలోకి పారాయి. భూమి మారుమాట లేకుండా తాగేసింది. అడుగు బురదలో దొరికిన గోటిని ప్రేమానందం తుడిచి, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మల్లా లారీ ఎప్పుడొస్తాది నాయనా?" అని మునిలక్ష్మి అతన్ని అడిగింది.

"ప్రారంభం అయిపాయ కదమ్మా. ఇంగ లారీ ఎందుకు?"

ఆ సాయంత్రం నన్ను చిత్తూరులో పళ్ళ డాక్టరు రాజారత్నం క్లినిక్కుకు రమ్మన్నారు. కట్టుడు పళ్ళు చేసే సరుకే మంత్రిగారి గోళ్ళకూ పనికొస్తుందట. ముందు పాత జిగురు మెత్తబడాలి. మంత్రిగారు వేళ్ళను వేడినీళ్ళ గిన్నెలో ముంచి, కళ్ళు మూసుకుని వార్త చెప్పారు. ప్రారంభించిన గంటలోనే తొట్టెడు నీళ్ళనూ ప్రజలు పూర్తిగా వినియోగించుకున్నారు. నేను రాసుకున్నాను.

జిగురు మొండిది. చాలాసేపు పట్టింది. నీళ్ళు చల్లారినప్పుడల్లా పారబోసి, కొత్తవి పోశారు.