మా భవనం సెటిల్ అవుతోంది

మా అపార్ట్‌మెంట్ సెటిల్ అవుతున్నట్లు నిపుణుల నివేదిక ద్వారా తెలియవచ్చినందున, నివాసుల సంఘం వారు లిఫ్టు పక్కన నోటీసు అంటించి అందరికీ శుభాకాంక్షలు తెలియజేశారు.

అంతకు ముందు వారం, కింది ఫ్లాట్‌లో బట్టలు కుట్టే టైలరమ్మ ఫిర్యాదు చేసింది. తలుపు గడియ పడటం లేదట. బల్ల మీద పెట్టిన దారపు ఉండ దానంతటదే దొర్లి మూలకు పోతోందట. ఆ మూల గోడకి వేలు దూరేంత పగులు. సంఘం వారు పిలిపించిన ఇంజనీరు అందులో నిజంగానే వేలు దూర్చి చూసి, ఇంగ్లీషులో రెండు పేజీల నివేదిక రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఇంగ్లీషు కాబట్టి అది నేరుగా అధ్యక్షులవారి చేతికి వెళ్లింది. ఆయన ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. సమావేశంలో మొదటి వాక్యం గట్టిగా చదివి, కళ్లజోడు తీసి, ఉపన్యసించారు.

“సెటిల్ అనేది సామాన్యమైన క్రియ కాదు! కుర్రాడికి ఉద్యోగం వస్తే సెటిల్ అయ్యాడంటాం. తగాదా తీరితే సెటిల్ అయిందంటాం. కడుపులో గడబిడ తగ్గినా, కాఫీపొడి అడుక్కి దిగినా అదే మాట. ఇన్ని అర్థాల్లో చెడ్డది ఒక్కటైనా ఉందా? ఇన్నాళ్లకి మన భవనానికి ఆ యోగం పట్టింది!”

చప్పట్లు మోగాయి. మూడో అంతస్తు పిన్నిగారు కళ్లు తుడుచుకుంటూ, “మావాడికన్నా ముందు బిల్డింగే సెటిలవుతోంది” అన్నారు.

టైలరమ్మ కొడుకు తాపీమేస్త్రీ. వెనక వరసలోంచి లేచాడు.

“సార్, అడుక్కి దిగడం అన్నారే, ఇక్కడ జరిగేది అదే. పునాది ఓ పక్కకి కుంగుతోంది. అందరం ఖాళీ చేసేద్దాం సార్.”

అధ్యక్షులవారు జాలిగా చూశారు. “నీ వయసెంత నాయనా?”

“ముప్పైరెండండీ.”

“పెళ్లి?”

“కాలేదండీ.”

“నెల జీతమా?”

“రోజు కూలండీ.”

“అంటే నువ్వే ఇంకా సెటిల్ కాలేదు. నీకీ విషయం ఎలా తెలుస్తుంది?”

సభ హాయిగా నవ్వింది. మేస్త్రీ ముఖం ఎర్రబడింది. ఇంటికొచ్చి, “మిషను సర్దమ్మా, పోదాం” అన్నాడు.

“అంత చదువుకున్నాయన బాగుందంటున్నాడు కదరా!”

“గోడ చదువుకోలేదమ్మా.”

ఆమె కదల్లేదు. తల్లిని వదిలి వెళ్లలేక అతను నాలుగు దుంగలు తెచ్చి దూలం కింద ఊతంగా నిలబెట్టాడు. దానివల్ల ఆవరణ అందం చెడుతోందని సంఘం మందలించింది.

రెండు రోజుల తర్వాత అధ్యక్షులవారు గాలి మార్పు కోసం కూతురింటికి బయల్దేరారు. కొత్త గాలి సరిపడుతుందో లేదోనని కాబోలు, ఫ్యాన్లు కూడా ఊడదీయించి లారీ ఎక్కించారు. మేమంతా గేటు దాకా వెళ్లి సాగనంపాం.

ఆ ఆదివారం పొద్దున మెట్లు ఫెళ్లుమన్నాయి. మేస్త్రీ ప్రతి తలుపూ బాది, పిల్లల్ని కిందికి దించి, పిన్నిగారి భర్తను వీపున మోసుకొచ్చాడు. మధ్యాహ్నానికి టైలరమ్మ కిటికీ నేలమట్టానికి దిగింది. మనుషులందరూ బతికారు.

మున్సిపాలిటీ అధికారి విసుక్కున్నాడు. “వారంలో ఖాళీ చెయ్యమని రెండో పేజీలో రాశాడట కదా ఇంజనీరు!”

ఫైల్లో రెండో పేజీ లేదు. అధ్యక్షులవారికి ఫోన్ చేశాం. అది తన దగ్గరే భద్రంగా ఉందన్నారు. “అందులో పెద్ద వ్యాకరణ విశేషాలేమీ లేవు. మీ సమయం వృథా చెయ్యడమెందుకని చదవలేదు.”

మరుసటి వారం, మేం సామాన్లతో తలదాచుకున్న స్కూలు వరండాలో కొత్త అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. ఎవరో మేస్త్రీ పేరు ఎత్తారు.

“బంగారంలాంటి కుర్రాడు. కానీ బిల్డరుకి ఉత్తరాలు రాయాలంటే ఇంగ్లీషు రావాలిగా?” అన్నారు పిన్నిగారు.

మాస్టారు మళ్లీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. టైలరమ్మ కూడా చెయ్యెత్తింది. మేస్త్రీ మాత్రం ఎత్తలేదు. అతని చేతుల్లో మా బీరువా ఉంది.