మా సారు నోట రాని మాట

సకల జనుల సమ్మెల కాలేజీకి తాళం పడ్డది, మా సారు ఇంట్ల పడ్డడు.

మా సారంటే నా మొగడు కరుణాకర్. స్టేషన్ ఘన్‌పూర్ల తెలుగు లెక్చరర్. పదిహేనేండ్ల సంది ఒక పాత నవలనే పాఠం చెప్తున్నడు. నవల చదవలేదు. గైడు చదివిండు. పిల్లలు చాటుకు గైడు కరుణాకర్ అనుడు ఊరికె కాదు.

ఒకనాడు ఆ నవల తెచ్చి, నేను బియ్యం ఏరుతున్న చాటల పడేసిండు.

"గీతా, ఇందుల 'జర' అన్న మాట ఎన్నిసార్లున్నదో లెక్కవెట్టు. ఎవరెవరన్నరో రాయి. చాయ్ పెట్టు."

"ఎందుకట?"

"శుక్రవారం రోడ్డు మీద వంటావార్పు. నేను మాట్లాడాలె. మన మాటను బండి తోలెటోని నోట్లె, కావలోని నోట్లె పెట్టి ఎక్కిరించిండ్రని ఎండగట్టాలె."

"జర మీరే చదవరాదుండ్రి?"

"నేను ఉద్యమంల ఉన్న."

ఆ ఉద్యమం మంచంల కాళ్లు చాపుకొని పేపర్ తిరగేస్తున్నది.

జర సేపటికి గొంతు తగ్గించిండు. "వీరయ్య సారు ముందట్లనే కూసుంటడు. రిటైరైనంక ఆయనకదే పని, ఆ నవల ఏడుసార్లు చదివిండు. ఒక్క తప్పు దొరికినా నా పదిహేనేండ్ల పరువు పోతది."

జాలేసింది. నేనూ డిగ్రీ చదివినదాన్నే. 'జర' కనవడ్డప్పుడల్ల డబ్బాల ఒక చింతగింజ ఏసిన. ఐదు రోజులకు నూట పన్నెండు. మా ఇంటి ముచ్చట్లకు ఇంకో డబ్బా పెట్టిన. అది ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం పొద్దుగాల రెండు కాయిదాలు చేతికిచ్చిన.

"జర ఒకసారి చూసుకోండ్రి."

"ఆడ్నే చూస్త. ఇస్త్రీ అంగీ తే."

వంటావార్పంటే తెలిసిందే. వండేది మేము, ఫొటోల పడేది మొగోళ్లు. తండా నుంచొచ్చిన సీతాబాయి పప్పు కాగు కాడ చెమటలు కక్కుతున్నది. మా సారు మైకు పట్టిండు.

"ఈ నవలలో 'జర' నూట పన్నెండుసార్లు వస్తుంది! బండివాడంటాడు, కావలివాడంటాడు!"

చప్పట్లు. ఆ ఊపుల రెండో కాయిదం అందుకున్నడు.

"కానీ దొరసాని కూడా అన్నది. దాహమైతే దొర కొడుకూ అన్నడు. అడిగే ప్రతి మనిషీ అన్నడు. అననిది ఒక్క దొరే. ఆయన అడగడు, హుకుం ఇస్తడు. ఈ ఐదు రోజులల్ల మా ఇంట్ల ఈ మాట ముప్పై ఆరుసార్లు వచ్చింది. అన్నీ నా భార్యవే. నావి..."

ఆగిండు. కాయిదం దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు.

"...సున్న."

సీతాబాయి గంటె పైకెత్తింది. "సారూ, జర గీ కాగు తిప్పుదువు రా!"

ఆడోళ్ల నవ్వులకు పొయ్యి కూడ మండింది. వీరయ్య సారు లేచిండు. మా సారు మొఖం సున్నమైంది. ఎక్కువ చేసిన్నా అని నాకూ భయమైంది.

"కరుణాకర్! ఏడుసార్లు చదివినా నాకు గిది తట్టలే. సొంత ఇంటినే సాక్ష్యం తెచ్చినవు, శభాష్!" అని కావలించుకున్నడు.

ఇద్దరికీ పానం వచ్చింది. ఒట్టిగ కాదు, శభాష్ పొందిన మనిషి పప్పు తిప్పకుంటె బాగుండదు గద. గంటసేపు తిప్పిండు.

ఇంటికొచ్చి గడప కాడ నిలవడ్డడు. ఇస్త్రీ అంగీ నిండ పసుపు.

"గీతా... జర... చాయ్ పెడ్తవా?"

రెండో డబ్బా మూత తీసి, ఆయన పేరు మీద గింజ ఏసిన. టక్కుమన్నది.

"ఒకటి," అన్న. "ఇంక ముప్పై ఐదు."