తోకలో యాంటెన్నా, తోక కింద బల్ల

నాలుగు గోడల మధ్య తలుపులు వేసుకుని చేసిన ప్రార్థన పైదాకా చేరుతుందా అన్న సందేహం ఆ ఇల్లాలికి పెళ్లయిన కొత్తలోనే వచ్చింది. పెద్దలను అడిగితే సందేహించడమే తప్పన్నారు. తోటికోడలిని అడిగితే నీకు ఇంట్లో పనేమీ లేదా అంది. చివరికి భర్తను అడిగింది. ఆయన బీమా కంపెనీలో ప్రమాదాల విభాగం గుమాస్తా. దేన్నీ పరిశీలించకుండా తోసిపుచ్చే అలవాటు లేదు. కాసేపు ఆలోచించి, "అది గోడ దేనితో కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది" అన్నాడు.

ఆ జవాబు ఆమెకు తృప్తినివ్వలేదు. కొట్టిపారేయడానికీ వీల్లేకపోయింది. అప్పటికే ఆయన ఇంటి వెనక పెంకుల షెడ్డులో విమానం కట్టడం మొదలుపెట్టాడు.

ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. ఆ ఊళ్లో పెద్దమనుషులన్నవాళ్లు చాలామంది షెడ్లలో విమానాలు కట్టుకుంటున్నారు. వాళ్లకొక సంఘం ఉంది. సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, సొంత భవనం, రబ్బరు ముద్ర, వార్షికోత్సవం అన్నీ ఉన్నాయి. ఎగిరిన విమానం మాత్రం ఇంకా లేదు. ఎగరడమనేది తొందరపాటు లక్షణమని సంఘం మొదటి నుంచీ హెచ్చరిస్తూనే ఉంది.

పని మొదలైననాడు, విమానం తోకను ఎత్తులో నిలబెట్టడానికి ఆయన ఇంట్లోని భోజనాల బల్ల అడిగాడు. అది ఆమె తండ్రి స్వయంగా చిత్రిక పట్టి చేసిన బల్ల. "రెండ్రోజులే, తెచ్చి ఇచ్చేస్తాను" అన్నాడు. ఆ రెండ్రోజుల్లో వాళ్లమ్మాయి బడి ముగించి, కాలేజీ ముగించి, ఉద్యోగంలో చేరింది. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడంలో ఎంత ఆరితేరారంటే, ఎవరింటికైనా భోజనానికి వెళ్లి బల్ల ముందు కూర్చోవలసి వస్తే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

విమానం ఒళ్లంతా గాజునారతో, జిగురుతో పూర్తయ్యాక రేడియో సంగతి వచ్చింది. విమానాల మైదానంలోని టవర్‌కు మాట చేరని విమానాన్ని నేల విడవనివ్వరు. మాట చేరాలంటే యాంటెన్నా కావాలి. కానీ సంఘం నియమావళి ప్రకారం విమానం ఒంటిమీద ఏదీ పొడుచుకు రాకూడదు. బయటికి కనబడే యాంటెన్నా గాలికి అడ్డమనీ, కంటికి వెగటనీ, లేమికి గుర్తనీ అందులో రాసి ఉంది. కాబట్టి ఆయన యాంటెన్నాను తోక మీది నిలువు రెక్కలోనే దాచదలిచాడు.

రెండు రాగి పట్టీలు తీసుకుని ఒకటి పైకి, ఒకటి కిందికి అతికించాడు. నడుమ నుంచి తీగ లాగాడు. అక్కరలేని గోల తీగ వెంట పాకి రాకుండా దానికి నల్లటి పూసలు గుచ్చాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఒక్కొక్క పూసా గుచ్చుతున్న భర్తను చూసి ఆమెకు తొలిసారిగా ఆయన మీద భక్తి లాంటిది కలిగింది. ఆ పైన గాజుబట్ట పరిచి జిగురు పోసి మూసేశాడు.

"ఇక దీన్ని ఎవరూ చూడలేరు. మాట మాత్రం దాటిపోతుంది. గాజునార అడ్డం రాదు. లోహం ఉంటేనే చిక్కు" అని ఆ పూట భోజనంలో చెప్పాడు. తర్వాతి పూటా చెప్పాడు. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది.

పరీక్షకు రేడియో పెడితే టవర్ అధికారి గొంతు వచ్చింది. గాలి పడమర నుంచి వీస్తోందన్నాడు. ఆమె లేచి వెళ్లి షెడ్డు తలుపు మూసి, కిటికీ కూడా బిగించి, మళ్లీ అడగమంది. గాలి ఇంకా పడమర నుంచే వీస్తోంది. ఆ రోజు ఆమె ప్రార్థన కాస్త ఎక్కువసేపు సాగింది.

విమానాన్ని, దాని తోక కింది బల్లతో సహా, విమానాల మైదానానికి తరలించారు. ఎగరడానికి సిద్ధమైన విమానం ఒకటి దాపురించిందని తెలిసి సంఘం మొదట కలవరపడ్డా, వెంటనే తేరుకుని సభ పెట్టింది. ముఖ్య అతిథి ఊళ్లోకెల్లా పెద్ద రంగుల వ్యాపారి. విమానానికి సరిపడా వెండి రంగు ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించాడు.

"ఎగిరే విమానాన్ని ఎగిరినంతసేపే చూస్తారు. మెరిసే విమానాన్ని ఎప్పుడూ చూస్తారు. నా రంగులో కల్తీ లేదు. అసలు సిసలు లోహప్పొడి. అది మీ విమానానికి కవచం, మన ఊరికి కిరీటం, మన సంఘానికి భవిష్యత్తు" అన్నాడు.

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది గుమాస్తాగారే. పక్కన కూర్చున్న బావమరిది ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"బావా, అందులో లోహం ఉందట."

"ఉంది. డబ్బా మీద రాసి కూడా ఉంది."

"మరి చెప్పవేం?"

"ఇప్పుడెలా చెప్తాన్రా? ఆయనింకా మాట్లాడుతున్నాడు."

కార్యదర్శికీ తెలుసు, అధ్యక్షుడికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను అంత పెద్ద సభకు పిలిచేవారు కారు. తోక మీది నిలువు రెక్కకు రెండు పూతలు ఎక్కువ వేసి, దాని మీద దాత పేరు పెద్ద అక్షరాల్లో రాశారు.

ఎగరవలసిన రోజు వచ్చింది. గుమాస్తాగారు లోపల కూర్చుని, రేడియోలో టవర్‌ను అనుమతి అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. గొంతు పెంచాడు. చివరికి ఆయన పెట్టిన కేకకు టవర్ అధికారి కిటికీ తెరిచి తల బయటపెట్టాడు. "మీరు అరిచింది వినబడింది సార్. రేడియోలో మాత్రం ఏమీ రాలేదు. అనుమతి ఇవ్వడం కుదరదు" అని తనూ అక్కడి నుంచే అరిచాడు.

సంఘం అప్పటికప్పుడు సమావేశమై ఫలితాలను సమీక్షించింది. సందేశం టవర్‌కు చేరిందన్నది నిర్వివాదాంశం. చేరిన మార్గం సాంకేతిక వివరం మాత్రమే. పైగా రేడియోలో చిన్న గరగర కూడా లేదు. ఇంతటి నిశ్శబ్ద రేడియో మరే విమానంలోనూ లేదని తీర్మానించి, దాన్ని ఊరి కూడలిలో దిమ్మె మీద శాశ్వతంగా ప్రతిష్ఠించాలని నిర్ణయించారు. ముక్కు కొద్దిగా పైకి, తోక బల్ల మీద, ఇప్పుడున్నట్టే. గాలికి కదలకుండా బల్ల కాళ్లను సిమెంటులో పోస్తారు. దిమ్మె మీద గుమాస్తాగారి పేరు కూడా చెక్కుతారు, దాత పేరు కింద, కొంచెం చిన్నగా.

ఆయన పొంగిపోయాడు. విమానం పక్కనే నిలబడి దిమ్మె ఎంతెత్తు ఉంటే బాగుంటుందో బావమరిదికి చెబుతుంటే, ఆమె వచ్చింది.

"ఏవండీ, బల్ల కాళ్లు సిమెంటులో పోస్తారట."

"అవును. వానకూ ఎండకూ చెక్కుచెదరదు."

"మా నాన్న చేసిన బల్లండీ అది."

"గౌరవమే కదా మరి. ఊరంతా చూస్తుంది."

ఆమె బల్ల అంచు మీద ఎండిపోయిన జిగురు చుక్కను గోటితో గీకింది. ఊడలేదు.

"సరే. ఇక అది రాదని ఒక్క మాట చెప్పెయ్యండి. నేనూ అడగడం మానేస్తాను" అంది. కోపంగా కాదు. సరుకులేవో అయిపోయాయని చెప్పినట్టు అంది.

గుమాస్తాగారు ప్రమాదాల విభాగంలో ఎన్నో నష్టాలు చూశాడు. కాలినవి, మునిగినవి, కూలినవి. కానీ అడగడం మానేస్తానన్న మనిషిని ఆ కుర్చీలో కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు. దిమ్మె ఎత్తు చూపించడానికి ఎత్తిన చెయ్యి దించేశాడు. తర్వాత బావమరిది వైపు తిరిగి, గరుకు కాగితం ఉందా అని అడిగాడు.

ముందు దాత ఇంటిపేరు పోయింది. తర్వాత అసలు పేరు, బిరుదులు పోయాయి. నిలువు రెక్క అంతా గీకేసరికి ముగ్గురి చేతులూ మొహాలూ వెండిలా మెరిశాయి. రెక్క మాత్రం పాచిన పాల రంగులో, మచ్చలు మచ్చలుగా, చూడ్డానికి ఏమాత్రం బాగాలేకుండా తేలింది. బావమరిది దూరంగా వెళ్లి చూసి, "బావా, బొబ్బలెక్కి మానినట్టుంది" అన్నాడు.

రేడియో పెడితే టవర్ అధికారి మామూలు గొంతుతో మాట్లాడాడు. అనుమతిచ్చాడు. గాలి ఎటు నుంచో కూడా చెప్పాడు. గుమాస్తాగారు బల్ల మీంచి తోక దింపించి, విమానం ఎక్కి, ఊరి మీద ఒక చుట్టు చుట్టి, క్షేమంగా దిగాడు. సంఘం ఆయన్ను ఆ సాయంత్రమే బహిష్కరించింది. దాతను అవమానించడం ఒక కారణం. సంఘ చరిత్రలో ఎన్నడూ లేనివిధంగా ఎగరడం రెండో కారణం.

రంగుల వ్యాపారి మాత్రం పెద్దమనసు చేసుకున్నాడు. మిగిలిపోయిన వెండి రంగుతో ప్రార్థనామందిరం లోపలి గోడలకూ కప్పుకూ సందు లేకుండా పూత వేయిస్తున్నట్టు మర్నాడే ప్రకటించాడు. ఆ సభకు ఊరంతా వెళ్లాం. చప్పట్లు కూడా బాగానే కొట్టాం. ముందు వరుసలో ఆ ఇల్లాలు కూడా ఉంది.

ఆమె ఇంటికి వచ్చేసరికి బల్ల గుమ్మం దాకా వచ్చి ఉంది. ఆయనా బావమరిదీ దాన్ని గుమ్మంలో అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి, పాత చోటులోనే వేశారు. ఆమె తడిగుడ్డతో తుడిచి కంచాలు పెట్టింది. అందరూ కూర్చున్నారు. కంచం దూరంగా ఉన్నట్టనిపించి ఆయన రెండుసార్లు ఒళ్లోకి తీసుకోబోయి మానుకున్నాడు.

తమ్ముడు అన్నాడు: "అక్కా, ఆ రంగులో లోహం ఉందిగా."

"ఉంది."

"మరి నువ్వయినా లేచి చెప్పలేదేం?"

"ఎలా చెప్తాన్రా, ఆయనింకా మాట్లాడుతుంటేనూ" అంది, అతని వైపు చూడకుండా వడ్డిస్తూ.

గుమాస్తాగారు గొంతు సవరించుకుని, బల్ల మీద అరచేత్తో నిమిరాడు.

"రెండ్రోజులన్నాను కదా. తెచ్చేశాను. ముట్టినట్టేనా?"

"ముట్టింది, తినండి" అంది ఆమె.