బురద నోడల్ అధికారి

బురద అంటే మట్టీ నీళ్ళూ కలిస్తే తయారయ్యేదని సామాన్య ప్రజల్లో ఒక అపోహ ఉంది. నాద పర్యాటక విభాగం వారు జూన్ నెలాఖరున ఒక సర్క్యులర్ ద్వారా ఆ అపోహను తొలగించారు. అందులోని మూడో పేరా ప్రకారం బురద అనగా "ముందస్తు అనుమతి లేకుండా ఏర్పడిన నేల స్థితి". (అనుమతి తీసుకుని ఏర్పడిన దాన్ని ఏమనాలో నాలుగో పేరాలో వివరిస్తామన్నారు. నాలుగో పేరా లేదు.)

ఈ సర్క్యులర్‌కి కారణం "అడవి నాదం" అనే ఆరుబయలు సంగీతోత్సవం. జూలూరుపాడు దాటాక తారు రోడ్డు దిగి, అడవిలోకి రెండున్నర కిలోమీటర్లు వెళ్తే వచ్చే తునికిబండ అనే గూడెంలో దీన్ని జరపాలని నిర్ణయించారు. నిజానికి ఉత్సవం ఫిబ్రవరిలో జరగాలి. ఫిబ్రవరిలో ఆ అడవి ఎంత బాగుంటుందో ఫైల్లో రంగుల ఫోటోలతో సహా వర్ణించారు. అయితే ఆ ఫైలు ఫిబ్రవరిలో బయలుదేరి, ఒక్కో బల్ల మీద ఒక్కో పక్షం విశ్రాంతి తీసుకుని, ఉత్సవం జూలై రెండో శనివారం జరుపుకోవచ్చన్న అనుమతితో బయటపడింది. జూలైలో వానలు పడతాయన్న విషయం ఆ దారిలో ఏ బల్ల పరిధిలోకీ రాలేదు.

సర్క్యులర్ వచ్చిన మర్నాడు ఖమ్మం ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ తబితా పావుగంట ఆలస్యంగా వచ్చింది. ఖానాపురం హవేలిలో ఆమె ఉండే వీధిని పైపుల కోసం తవ్వారు. షేర్ ఆటో ఎక్కే లోపల మోకాళ్ళ దాకా బురద అయింది. ప్రత్యేకాధికారి సుబ్బరత్నం గారు ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఆలస్యం సంగతి అడగకుండా, "నీకు ఫీల్డ్ ఎక్స్‌పీరియన్స్ ఉందన్నమాట" అన్నారు. మధ్యాహ్నానికల్లా తబితా బురద నోడల్ అధికారి అయింది. తొమ్మిదో నంబరు గమ్‌బూట్లు ఒక జత ఇచ్చారు. ఆమెది అయిదో నంబరు కాలు.

పని సులభమే. బురదను అయిదు శ్రేణులుగా విభజించారు. అసలు బురదే లేకపోతే సున్నా. చెప్పుకి అంటుకుంటే ఒకటో శ్రేణి. చెప్పు ఊడితే రెండు. ఊడిన చెప్పు దొరక్కపోతే మూడు. చెప్పు కోసం వంగిన మనిషిని ఇంకో మనిషి లాగాల్సి వస్తే నాలుగు. అయిదో శ్రేణి మాత్రం "అధికారి విచక్షణకు వదిలివేయడమైనది". తబితా వేదిక దగ్గర నిలబడి, యాప్ తెరిచి, ఫోటో తీసి, శ్రేణి నొక్కాలి. మూడు దాటితే ఉత్సవం ఖమ్మంలో ఒక ఏసీ ఫంక్షన్ హాలుకి మారుతుంది. (అడవి అనుభూతికి లోటు రాకుండా అక్కడ నలభై పూలకుండీలు పెడతారు.)

మొదటి తనిఖీ రోజు తబితా తారు రోడ్డు దగ్గర బస్సు దిగి నడిచింది. రాత్రంతా వాన పడి ఉంది. వేదికగా నిర్ణయించిన మైదానంలో నాలుగో అడుగు వేయగానే ఎడమ కాలు పైకి వచ్చింది, బూటు రాలేదు. బూటు కోసం వంగింది. కుడి కాలు కూడా దిగబడింది. అటు నారుమడి వైపు వెళ్తున్న ఒక పెద్దావిడ చూసి, నెత్తి మీది గంప దించి, వచ్చి, తబితా నడుం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆమె పేరు జంపక్క. గూడెంలో రేల పాటలు ఎవరు పాడినా మొదటి గొంతు ఆమెదే.

"ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?"

"ఏం పోలేదమ్మా. బురద కొలవనీకి వచ్చిన."

జంపక్క చుట్టూ చూసింది. "గింత బురద ఉంది. నీకెంత కావాలె?"

నాలుగో శ్రేణి నిబంధన అక్షరాలా నెరవేరిందని తబితాకి అర్థమైంది. ఉత్సవం హాలుకి మారుతుందని, మీకేం ఇబ్బంది ఉండదని చెప్పింది. జంపక్క మొహంలో నవ్వు పోయింది.

"మరి రోడ్డో?"

రోడ్డు సంగతి తబితాకి తెలియదు. జంపక్క ఇంటికి తీసుకెళ్ళి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, ఒక ప్లాస్టిక్ కవరు విప్పింది. అందులో పదకొండేళ్ళ అర్జీల నకళ్ళున్నాయి. వానాకాలంలో గూడేనికి దారి ఉండదని, దాని మీద మొరం మట్టి పోయించమని ప్రతి అర్జీలోనూ ఉంది. ప్రతి జవాబులోనూ "క్షేత్ర పరిశీలనలో బురద కనబడలేదు" అని ఉంది. తబితా పరిశీలన తేదీలు చూసింది. పదకొండూ ఏప్రిల్‌లోనే జరిగాయి.

"పాటల పండుగ ఈడ అయితేనే మొరం పోస్తరంట, కార్లు వచ్చేటందుకు," అంది జంపక్క. "నిరుడు మా కోడల్ని మంచం మీద మోసుకపోయినం. నలుగురు మోస్తే ఇద్దరు జారిపడ్డరు. పిల్ల దారిలనే పుట్టింది. బాగానే ఉంది, వర్షిణి అని పేరు పెట్టినం. మళ్ళ ఇప్పుడు చిన్న కోడలికి ఏడో నెల."

బురద ఉందని రాస్తే రోడ్డు రాదు. లేదని రాస్తే రోడ్డు వస్తుంది గానీ అది అబద్ధం. తబితా చర్చి కాయిర్‌లో పన్నెండేళ్ళుగా పాడుతోంది, అబద్ధం రాయడానికి ఆమెకి చెయ్యి రాదు. పై అధికారిని అడుగుదామని ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

"సిగ్నల్ బండ మీదనే వస్తది," అని జంపక్క ముందు నడిచింది.

గూడెం వెనక పెద్ద రాతి బండ ఉంది. నాలుగు కల్లాలంత వెడల్పు, నున్నగా, కొంచెం వాలుగా ఉంది. రాత్రంతా కురిసిన వాన అక్కడినుంచి జారిపోయి, పైన ఒక్క మట్టి మరక లేదు. పండగలకు వాళ్ళు ఆడేదీ పాడేదీ అక్కడేనట. మరి ఆ సంగతి ఉత్సవం వాళ్ళకి ఎందుకు చెప్పలేదని తబితా అడిగింది.

"ఎవలు అడిగిన్రు?" అంది జంపక్క.

తబితా ఫోన్ చేసింది. సుబ్బరత్నం గారు అంతా విన్నారు.

"స్థలం మార్చాలంటే ఫైలు మళ్ళీ మొదటినుంచి కదలాలి తబితా. అది తిరిగొచ్చేసరికి ఫిబ్రవరి అవుతుంది."

"ఫిబ్రవరిల వానలుండవు కదా మేడం?"

"నీది బురద సెక్షన్. క్యాలెండర్ నీ సెక్షన్ కాదు." అవతల బల్ల సొరుగు మూసిన చప్పుడు. "ఇంతకీ ఆర్డర్‌లో వేదిక పేరు ఏమని ఉంది?"

"తునికిబండ అని ఉంది మేడం."

"నువ్విప్పుడు ఎక్కడున్నావ్?"

"బండ మీద."

"ఇంకేం కావాలి?" అని ఫోన్ పెట్టేశారు. తబితా కాళ్ళ కింది రాయిని ఫోటో తీసింది. శ్రేణి సున్నా నొక్కింది. యాప్ ఆమెను అభినందించింది.

నాలుగు రోజుల్లో రోడ్డు కాంట్రాక్టరు హాతీరాం ట్రాక్టర్లు వచ్చి రెండున్నర కిలోమీటర్లూ మొరం పోసి రోలర్ తిప్పేశాయి. గూడెంలో ముసలివాళ్ళు పనేమీ లేకపోయినా తారు రోడ్డు దాకా నడిచి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి వచ్చారు. కొందరు రెండోసారి కూడా వెళ్ళారు.

ఇక మిగిలింది వాన. శనివారం "వర్షావకాశం యాభై శాతం" అని వాతావరణ శాఖ నుంచి సూచన వచ్చింది. ఆ యాభై శాతం వేదిక వైపా, ప్రేక్షకుల వైపా తెలియజేయవలసిందని సుబ్బరత్నం గారు లేఖ రాశారు. జవాబు రాలేదు. ముందు జాగ్రత్తగా, వాన పడకూడదని అన్ని మతాల వారూ ప్రార్థన చేసి, చేసినట్టు నిర్ణీత నమూనాలో ధ్రువీకరణ పంపాలని ఆదేశించారు. (నమూనాలో "ఫలితం" అనే గడి ఉంది. దాన్ని ఆదివారంలోగా నింపాలి.)

చర్చిలో తబితా మోకరించింది గానీ ఏది కోరాలో తేలలేదు. ముందురోజే జంపక్కని వాన గురించి అడిగితే, "జూలైల పడకపోతే నాట్లెట్ల ఏస్తం బిడ్డా? పడాలె," అంది. అందుకని తబితా తన ప్రార్థనను ఆఫీసు పద్ధతిలో సవరించుకుంది. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు, బండ మీద మాత్రం మినహాయించి, మిగతా మండలమంతటా కురిపించమని వేడుకుంది.

శనివారం సరిగ్గా నాలుగింటికి బండ మీదే మొదలైంది వాన.

అప్పటికి అతిథులందరూ వచ్చేశారు. రోడ్డు చెక్కుచెదరలేదు. అయితే ఫైల్లో ఉన్న పాత మైదానాన్ని వాడకపోతే ఆడిట్ వాళ్ళు అడుగుతారని, దాన్ని పార్కింగ్‌కి కేటాయించారు. ఒకటి తర్వాత ఒకటిగా నలభై రెండు కార్లు అక్కడ తలుపుల దాకా కూరుకుపోయాయి. ముఖ్య అతిథి గారు కారులో ఉండగానే కారు దిగబడింది. అయిదో శ్రేణి అంటే ఏమిటో తబితాకి అప్పుడు తెలిసింది. హాతీరాం ఆయన్ని కిటికీలోంచి బయటికి తీశాడు.

వేదిక మీద హైదరాబాద్ నుంచి వచ్చిన బృందం ఉంది. తడిలో కరెంటు తీగలు ముట్టుకోబోమని వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ మాటలో న్యాయముంది. జంపక్క బృందానికి కార్యక్రమంలో మూడు నిమిషాలు కేటాయించారు, అదీ "అతిథులు కూర్చునే సమయంలో". జంపక్క వచ్చి తబితా పక్కన నిలబడింది.

"మాకు కరెంటుతోని పనేంది? షురూ చేయాల్నా?"

తబితా సుబ్బరత్నం గారి వైపు చూసింది. ఆవిడ తిరగబడిన గొడుగుతో పెనుగులాడుతున్నారు. అభ్యంతరం వచ్చినట్టు రికార్డు కాలేదు.

"చెయ్యుండ్రి," అంది తబితా.

డోళ్ళు మోగాయి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు భుజాల మీదుగా చేతులు పట్టుకుని, తడి బండ మీద ఒక్కరూ జారకుండా అడుగులు వేశారు. జంపక్క ఒక చరణం ఎత్తుకునేది, మిగతావాళ్ళు దాన్ని అందుకుని అటు తిరిగేవాళ్ళు. మూడు నిమిషాలు రెండు గంటలైంది. చెప్పులు లేని ముఖ్య అతిథి కూడా వరసలో కలిశారు. హైదరాబాద్ డ్రమ్మరు ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించి దరువు పట్టుకున్నాడు. మూడో పాటకల్లా పల్లవి తబితాకి నోటికి వచ్చేసింది. కాయిర్‌లో ఎప్పుడూ రెండో వరసలో నిలబడి కింది స్వరం పాడే ఆమె, ఆ సాయంత్రం గొంతు విప్పి పాడింది. వాన ఆమె కళ్ళద్దాల మీంచి కారుతోంది, తుడుచుకోలేదు.

"ప్రేక్షకుల్లో ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్ళలేదు" అని సుబ్బరత్నం గారు నివేదికలో రాశారు. అది నిజం. కార్లు మర్నాడు పదింటికి గానీ బయటికి రాలేదు.

మంగళవారం మెమో వచ్చింది. ఉత్సవం నిమిత్తం తాత్కాలికంగా సమకూర్చిన సామగ్రినంతా స్టోర్‌కి తిరిగి అప్పగించాలి. జాబితాలో కుర్చీలు నాలుగు వందలు, టార్పాలిన్లు ఆరు, మొరం రెండున్నర కిలోమీటర్లు ఉన్నాయి.

తబితా వెళ్ళేసరికి హాతీరాం ట్రాక్టరు ఆపుకుని రోడ్డు మొదట్లో నిలబడి ఉన్నాడు. పక్కన మట్టి ఎత్తే యంత్రం. ఎదురుగా రోడ్డు నడుమ జంపక్క కూర్చుంది. ఆమె వెనక గూడెమంతా కూర్చుంది.

"మేడం, ఇరవై ఏండ్ల సంది రోడ్లు ఏస్తున్న. ఏసిన రోడ్డును ఎత్తుడేంది? ఎట్ల ఎత్తాలె?" అన్నాడు హాతీరాం.

"ఎత్తుకోండ్రి," అంది జంపక్క తాపీగా. "ముందు మమ్మల్ని ఎత్తుండ్రి."

తబితా మెమోని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. పదిహేడో అంశం దగ్గర ఆగింది. నేలలో విడదీయరానంతగా కలిసిపోయిన సామగ్రిని, బురద నోడల్ అధికారి స్వయంగా పరిశీలించి సంతకం చేస్తే, జాబితా నుంచి కొట్టివేయవచ్చు.

"హాతీరాం అన్నా, ఇక్కడ ఒక పార వేసి చూడు."

అతను తవ్వాడు. పైన ఎర్రటి మొరం, కింద నల్లటి మట్టి, నడుమ రెండూ కాని ముద్ద.

"మొరం ఏడ అయిపోయింది, మట్టి ఏడ షురూ అయింది, చెప్పగలవా?"

హాతీరాం ముద్దను వేళ్ళతో నలిపి చూశాడు. "దేవుడు గూడ చెప్పలేడు మేడం."

"నేను గూడ చెప్పలేను," అంది తబితా. చెప్పలేననే రాసింది. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి వెంటనే సంతకం చేసింది.

ఆఫీసులో సుబ్బరత్నం గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు.

"రెండున్నర కిలోమీటర్లూ పోయిందా?"

"మొత్తం కలిసిపోయింది మేడం."

"అయ్యో," అన్నారు సుబ్బరత్నం గారు, తల ఎత్తకుండానే సంతకం చేస్తూ. తర్వాత ఆ ఫైలును, తన అలవాటుకి విరుద్ధంగా, అదే రోజు మూసేశారు.

సెప్టెంబరులో జంపక్క చిన్న కోడలు ఆటోలో కూర్చుని దవాఖానాకి వెళ్ళింది, మగపిల్లాడితో అదే ఆటోలో తిరిగొచ్చింది. ఆ ఆటో తునికిబండకి రోజుకి నాలుగు ట్రిప్పులు వేస్తుంది. ప్రభుత్వ రికార్డుల ప్రకారం తునికిబండకి రోడ్డు లేదు. లేని రోడ్డును పైపుల కోసమో కేబుళ్ళ కోసమో తవ్వే అధికారం ఏ శాఖకీ లేదు కాబట్టి, జిల్లాలో గుంత పడని రోడ్డు ఇప్పటికి అదొక్కటే.