పైనున్నాయన్ని దించిన మనవరాలు

పన్నెండు గంటల లోపల లిఫ్టు బాగుచేస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తానన్నాడు సూపర్‌వైజరు. ఆ హుషారులో ఆమె పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికే?" అంది నాయనమ్మ.

"పార్టీ ఆఫీసుకి. మాటిమాటికీ ఆగిపోతున్న లిఫ్టు రిపేరు."

"మీ తాత పెట్టిన పార్టీ కదే! ఎవరి మనవరాలివో అక్కడ నోరు జారకు. పని చేసుకోనివ్వరు."

ఒకప్పుడు దేశాన్నేలిన పెద్దాయనకు ఆమె ఒక్కగానొక్క మనవరాలు. ఆమెకేమో ప్రసంగాలకన్నా పుల్లీలంటే ప్రాణం. కాకపోతే తాతగారి ముక్కు ఉన్నదున్నట్టు ఆమెకే వచ్చింది.

దారిలో ఉండగానే సూపర్‌వైజరు ఫోను చేశాడు. పార్టీ అధ్యక్షుడు ఆ లిఫ్టులోనే, మూడో అంతస్తు దగ్గర ఇరుక్కుపోయాడట. ఆమె పరుగున వెళ్ళేసరికి గుమ్మంలో వాచ్‌మన్ గోడమీది పెద్దాయన పటాన్నీ, ఆమె ముక్కునీ మార్చి మార్చి చూసి దిగ్గున లేచాడు.

"పెద్దాయన మనవరాలు కదూ! ఇన్నాళ్ళకి వచ్చారా తల్లీ! ఏం పనిమీద?"

"పైనున్నాయన్ని దించాలి. పన్నెండు లోపల అయిపోవాలి, తప్పుకో!"

లిఫ్టు సంగతి ఎరగని వాచ్‌మన్‌కి గుండె ఝల్లుమంది. అతను టైపిస్టుకు చెప్పాడు, టైపిస్టు కార్యదర్శికి చెప్పింది. ఆమె మూడో అంతస్తు ఎక్కేలోగా సగం పార్టీ ఆమె వెనక మెట్లెక్కుతోంది. విలేకరులు సరేసరి.

"మేమంతా మీవైపేనమ్మా," అన్నాడు కార్యదర్శి రొప్పుతూ. "ఆయన ఒప్పుకుంటాడంటారా?"

"ఒప్పుకోవడమేంటండీ, ఊపిరాడక అల్లాడుతుంటే! బ్రేకు వదిలితే తనే దిగివస్తాడు."

"మీ విధానం ఏమిటి?" అని ఒక విలేకరి మైకు పెట్టాడు.

"నెమ్మదిగా దించడం. దెబ్బ తగలకూడదు."

చప్పట్లతో మెట్లు దద్దరిల్లాయి.

లోపల అధ్యక్షుడి ఫోనుకు ఈ వార్త అప్పటికే చేరింది. "అమ్మాయ్! నిన్నెవరు పంపారు?" అని తలుపు బాదాడు.

"మా సూపర్‌వైజరండీ!"

"ఎవడు వాడు? ఏ వర్గం?"

"మెయింటెనెన్సండీ!"

అలాంటి వర్గమొకటి తన పార్టీలో ఉందని తెలియక ఆయన కుదేలైపోయాడు. ఆమె పైకెక్కి, మిషను గదిలో పట్టేసిన బ్రేకు బాగుచేసి, దాన్ని కొద్దికొద్దిగా వదిలి, లిఫ్టును కిందికి దించి, ఒక్క పరుగున కింది అంతస్తుకు వచ్చింది. తలుపు తెరుచుకుంది. సమయం పదకొండూ యాభై! సంబరం పట్టలేక పని పూర్తయినట్టు రాసిన కాగితం చాచింది.

"ఇక్కడో సంతకం పడేయండి సార్. మీకూ నాకూ గొడవ వదిలిపోతుంది."

అధ్యక్షుడు ఆమె వెనకున్న జనాన్ని చూశాడు. చదవకుండానే గబగబా సంతకం గీకాడు. "మీ తాత కూడా నన్నింత మర్యాదగా చూడలేదమ్మా," అని కళ్ళు తుడుచుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

"రాజీనామా చేసేశాడు!" ఎవరో అరిచారు.

"అయ్యో, నేను లిఫ్టు బాగుచేయడానికి వచ్చానండీ!"

"ఎంత వినయం!" కార్యదర్శి బావురుమన్నాడు. "అచ్చం పెద్దాయనే!"

రెండు గంటలకల్లా ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకుని అధ్యక్ష పీఠంమీద కూర్చోబెట్టారు. బయట నినాదాలు మిన్నంటుతుంటే ఆమె ఒక చెవి మూసుకుని సూపర్‌వైజరుకు ఫోను చేసింది.

"సార్, పదినిమిషాల ముందే అయిపోయింది. సంతకం కూడా పెట్టించాను. పర్మనెంటేనా?"

"టీవీలో చూస్తూనే ఉన్నానమ్మా," అన్నాడాయన. "డ్యూటీ టైములో వేరేచోట ఉద్యోగంలో చేరినవాళ్ళని కంపెనీ ఉంచుకోదు."