నక్క గొంతు మాయం

"నేరస్తులు రెండు రకాలక్కా. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు" అన్నాడు తమ్ముడు, గుమ్మంలో నిలబడి కోటు కాలరు ఎత్తుకుంటూ.

మొదటి రకంలో ఇంతవరకు ఒక్కడూ లేడని అక్కకు తెలుసు. చేతిలో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి వీధిలో అందరూ అతన్ని భూతద్దమనే పిలుస్తారు. మోకాళ్ల దాకా వేలాడే ఆ కోటు ఎండలో కూడా విప్పడు. అయినా ఇవాళ ఆవిడకు వేరే దిక్కు లేదు.

పిల్లల కథలు చదివి రికార్డు చేసే పని ఆవిడకు కొత్తగా దొరికింది. పది కథలూ నాలుగింటికల్లా అందితే ఏడాది పొడుగునా పనిస్తామన్నారు. తొమ్మిది కథలు కంప్యూటర్లోంచి నత్తనడకన వెళ్తున్నాయి, డెబ్బై శాతం అయ్యాయి. పదోదైన నక్క కథ చివర్లో ఎక్కడో ఆవిడ దగ్గు పడింది. విని ఆ ముక్క కత్తిరించాలి. వినబోతే పొద్దున్నుంచీ స్పీకర్లో శబ్దం కాసేపు వస్తోంది, కాసేపు పోతోంది.

"ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యొచ్చుగా?"

"చేస్తే తొమ్మిదీ మొదట్నుంచి వెళ్లాలిరా. ఆపకుండానే బాగుచెయ్యాలి."

"అంటే బందీ ఒంటిమీద గీత పడకుండా ముఠాను పట్టాలి. అర్థమైంది."

స్పీకరును భూతద్దంతో చూశాడు, వాసన చూశాడు. కింద టైలరు కుట్టుమిషనే గొంతును లాగేస్తోందని తేల్చి గబగబా మెట్లు దిగాడు. అలా దిగాడో లేదో స్పీకరు నోరు విప్పింది. అక్క ఆత్రంగా కథను చివరికి జరిపేలోగా వాడు తిరిగొచ్చాడు. స్పీకరు మళ్లీ మూగబోయింది.

"టైలరు ఒప్పుకోలేదు. గట్టివాడే."

"పాపం ఆయన్నెందుకురా విసిగిస్తావు?"

తర్వాత డాబా మీదికెళ్లి వైర్లు తనిఖీ చేశాడు. అప్పుడూ అంతే, వాడు పైనున్న కాసేపూ పలికి, అక్కకు దగ్గు దొరికేలోగా వాడు వచ్చేసరికి ఆగిపోయింది. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. తొమ్మిది కథలూ వెళ్లిపోయాయి, పదోది మిగిలింది. అక్క కంప్యూటరు ఆపి ఆన్ చేసి ప్లే నొక్కి, అప్పుడూ ఏమీ వినబడక తల పట్టుకుంది. ఏడుపొచ్చేసింది.

అది చూసి తమ్ముడు గతుక్కుమన్నాడు. బల్ల కిందికి దూరబోయాడు. కోటు అడ్డొస్తే జీవితంలో మొదటిసారి విప్పి కుర్చీ మీదికి విసిరాడు. అది జారి కింద పడింది.

"నేనిక్కడే ఉన్నా, ఎలుగు మామా" అంది కోటు.

"కదలకు! చేతులు పైకెత్తు" అన్నాడు తమ్ముడు కోటుతో.

అక్క వంగి చూసింది. లోపలి జేబులోంచి హెడ్‌ఫోన్ బయటికి జారి, సన్నగా నక్క గొంతులో మాట్లాడుతోంది.

"దీన్ని నా కంప్యూటర్‌కి ఎప్పుడు కలిపావు?"

"పోయిన వారం. రహస్యంగా వినే అభ్యాసం చేద్దామని. ఇవాళ పొద్దున మళ్లీ విని, ఆఫ్ చెయ్యడం మర్చిపోయినట్టున్నాను."

వాడు దగ్గరికొస్తే చాలు, కంప్యూటరు పాత స్నేహం కొద్దీ శబ్దమంతా బ్లూటూత్‌లో ఆ జేబుకే పంపుతోంది. అక్క హెడ్‌ఫోన్ ఆఫ్ చేసి, సెట్టింగుల్లో స్పీకరును ఎంచుకుంది. గదంతా నక్క గొంతు నిండింది. దగ్గు కత్తిరించి, మూడూ యాభై ఏడుకి కథ పంపేసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నేను బల్ల కింద దూరబట్టే కదా కేసు తేలింది" అంటూ తమ్ముడు నోటుపుస్తకం తీశాడు. "దొరికినవాళ్ల జాబితాలో మొదటి పేరు రాసుకోవాలి. ఏమని రాయను?"

"నీ పేరే రాసుకో" అంది అక్క. "రాశాక కిందికెళ్లి టైలరుకి క్షమాపణ చెప్పిరా."