లిబోరియో ప్రాణం

ఓల్గీన్ ఊళ్లో ఆ శనివారం పొద్దున్నే ఎనీడా ఒక చిన్న పని పెట్టుకుంది. మొగుడు లిబోరియో లేచేలోగా అతని గుయిరో గాట్లు లోతు చేయాలి. ఎండిన సొరబుర్ర మీద వరసగా గాట్లు; పుల్లతో గీకితే పాటకు తాళం. ముప్పై ఏళ్ల గీకుడుకు అరిగిపోయాయి. సాయంత్రం మేనకోడలి పదిహేనో పుట్టినరోజుకు అతనే వాయించాలి.

ఎనీడా లేతు మిషన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. పాత ఫ్యాను మోటారుతో చిన్న రంపం చేసుకుంది. గిర్రున తిరిగే బిళ్లకు ఒక గాడి, గాడిలో మేకు, మేకుకు తగిలించిన కడ్డీ చివర బ్లేడు. మేకును బిళ్ల నడిమికి జరిపితే బ్లేడు బియ్యపుగింజంత ముందుకీ వెనక్కీ ఆడుతుంది. అంచుకు జరిపితే వేలెడంత. కావలసినంత పెట్టుకుని మర బిగించాలి.

నలభై గాట్లయ్యేసరికి ఆమెకు ఓపిక నశించింది. మేకును రవ్వంత బయటికి జరిపి, మర బిగించడం మరిచి మీట నొక్కింది. మేకు సర్రున అంచుకు పోయింది, బ్లేడు వీరంగం వేసింది, బుర్ర రెండు చెక్కలైంది.

"అయ్యో! లిబోరియో ప్రాణం నా చేతుల్తోనే తీశానే!"

రంపం మోత, ఆ వెంటనే ఈ కేక. పక్కింటి మిగ్దాలియా చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. పది నిమిషాల్లో డాక్టరు, ఏడుస్తూ లిబోరియోతో వాయించే మేళంవాళ్లు ముగ్గురు ఇంట్లో ఉన్నారు.

లిబోరియో పొట్ట గోక్కుంటూ బయటికొచ్చాడు. "కాఫీ పెట్టారా ఎవరైనా?"

"బతికే ఉన్నావా!" అన్నాడు తంత్రులు మీటే రమీరో కళ్లు తుడుచుకుంటూ. "దారంతా నిన్ను మంచివాడని పొగిడాను. వెనక్కి తీసుకుంటున్నా."

అప్పుడు లిబోరియో కళ్లు బల్ల మీది చెక్కల మీద పడ్డాయి. రెండూ చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి అతికించి చూశాడు.

"నన్నే కోసినా బాగుండేదే," అన్నాడు చివరికి.

ఎనీడా చెక్కలను పక్కకు నెట్టింది. "ఉండు ముసలోడా," అని వంటింట్లోంచి కొబ్బరి తురిమే రేకు తెచ్చి బల్లకు బిగించింది. రంపానికి బ్లేడు తీసి ఫోర్కు కట్టింది. మేకును అటూ ఇటూ జరిపి, మోత పాటకు సరిపడేచోట ఈసారి మర గట్టిగా బిగించింది.

సాయంత్రం విందులో ఆ యంత్రం ఒక్క తాళమూ తప్పలేదు.

"లిబోరియో కంటే ఇదే నయం! మధ్యలో రమ్ము అడగదు!" అని అరిచింది మిగ్దాలియా. జనం గొల్లుమన్నారు. లిబోరియో మూల కూర్చుని పంది మాంసం కసిగా నములుతున్నాడు.

మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. యంత్రం ఆగింది, ఆడే కాళ్లూ ఆగాయి. లిబోరియో పళ్లెం విసిరేసి ఒక్క దూకు దూకి, ఫోర్కు పీకి రేకు మీద గీకడం మొదలెట్టాడు. వీధి వీధంతా ఊగిపోయింది. అందరికంటే ముందు చిందేసింది ఎనీడాయే.

కరెంటు పోయినందుకు ఆ సాయంత్రం ఓల్గీన్ మొత్తం మీద దేవుడికి దండం పెట్టుకున్నవాడు అతనొక్కడే.